పేరు తర్వాత చెప్పే అభిమాని

1986 జూలైలో ఒక మంగళవారం పోర్ట్ హాలం పత్రిక ఆటల పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త పడింది. మన డాకర్స్ బేస్‌బాల్ జట్టు వెస్ట్‌బరో కూపర్స్ దగ్గర్నుంచి లూథర్ పింక్నీ అనే, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చరును తెచ్చుకుంటోంది. బదులుగా ఇద్దరు కుర్ర ఆటగాళ్ళను, పేరు తర్వాత చెప్పే అభిమాని ఒకరిని ఇస్తోంది.

బెర్నీస్ కొవాల్చిక్ ఆ వార్తను వంటింట్లో నిలబడి మూడుసార్లు చదివింది. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. టోస్టు మాడిన వాసన వస్తున్నా కదల్లేదు. మార్పిడిలో పేరు తర్వాత చెప్పే ఆటగాడు ఒకడుండటం బేస్‌బాల్‌లో ఎప్పుడూ ఉన్నదే. ఇవాళ ఒకణ్ణి పట్టుకుపోతారు, రెండోవాడి పేరు ఆర్నెల్లలోపు చెబుతామంటారు. ఆ ఆర్నెల్లూ జట్టులో ప్రతి కుర్రాడూ పెట్టె సగం సర్దుకుని సగం విప్పుకుని బతుకుతాడు. అభిమానిని ఇవ్వడం మాత్రం ఆమె ఎన్నడూ వినలేదు. అయినా అది జరగని పని అని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆమె చూసినంతలో, పంపేయడానికి వీలున్న వాళ్ళందరినీ ఎప్పుడో ఒకప్పుడు పంపేస్తూనే ఉన్నారు.

1958లో ఎడ్డీ వ్రానా అనే క్యాచరును పంపేశారు. అతని కోసం ఆమె అల్లుతున్న మేజోళ్ళలో ఒకటి పూర్తయింది, రెండోది మడమ దగ్గర ఆగిపోయింది. తర్వాత చెల్లెలు మోకాళ్ళ నొప్పులని ఆరిజోనా వెళ్ళిపోయింది. భర్త స్టాన్లీ ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే పోయాడు. అప్పుడే ఆమె ఒక నియమం పెట్టుకుంది. అభిమానం మనిషి మీద పెంచుకోకూడదు, చొక్కా మీద పెంచుకోవాలి. మనిషిని బస్సెక్కిస్తారు. చొక్కాను ఉతికి, ఆరేసి, మళ్ళీ ఇక్కడే ఇంకొకడికి తొడుగుతారు.

"నన్నే ఇచ్చేస్తారు," అని పైకే అంది.

ఇంకెవరున్నారు మరి? ఇరవై తొమ్మిదేళ్ళుగా సొంత ఊరి ఆట ఒక్కటి కూడా ఆమె మానలేదు. వానొస్తే తలకు ప్లాస్టిక్ సంచీ కట్టుకుని కూర్చుంటుంది. ప్రతి బంతికీ పెన్సిలుతో స్కోరు కాగితం మీద గుర్తు పెడుతుంది. తాను కూపర్స్ వాళ్ళ చోట ఉంటే తననే అడిగేది.

ఆ మధ్యాహ్నం మైదానంలో పదకొండో వరస ఆరో కుర్చీలోకి వచ్చేసరికి, ఐదో కుర్చీలో ఓర్విల్ టిబెట్స్ అప్పటికే ఉన్నాడు. బ్రెడ్డు వ్యాను నడిపి రిటైరైన మనిషి, ఆమె కంటే మూడేళ్ళు పెద్ద. ఇరవై ఆరేళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఏప్రిల్‌లో పోట్లాట మొదలుపెట్టి సెప్టెంబరులో ఆపుతారు. ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు.

"చూశావా పేపరు?" అంది కూర్చోకుండానే.

"చూశాగా. పింక్నీ అట, పింక్నీ! ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి వాడు ఎండలో పెట్టిన వెన్నముద్ద. వాడికోసం ముగ్గుర్ని ఇస్తారా ఎవరైనా?" ఓర్విల్ వేరుశనక్కాయ ఒలిచి తొక్కలు ఆమె బూట్ల మీద పోశాడు. "ఆ ఇచ్చే కుర్రాళ్ళలో డంకన్ గాడు పోతే పోనీ అనుకో. వాడు బంతిని చేత్తో పట్టడు, ప్రార్థనతో పడతాడు."

"నేనడిగేది అభిమాని సంగతయ్యా."

"అదా! ఎవరో గొంతున్నవాణ్ణి చూసుకుంటార్లే. మన మొహాలు ఎవడికి కావాలమ్మా?"

అప్పుడే మైదానంలో మనవాడొకడు బ్యాట్ అడ్డంగా పట్టి, బంతిని మెత్తగా కాళ్ళ ముందు పడేశాడు. తాను అవుటైపోయాడు. ఆ సందులో ముందున్నవాడు ఒక బేస్ ముందుకు జరిగాడు.

"థూ!" అన్నాడు ఓర్విల్. "తనంతట తానే అవుటవడం కూడా ఒక ఆటేనా?"

"ఇంకొకడి కోసం అవుటయ్యాడయ్యా. నీకెలా తెలుస్తుందిలే, వ్యాను నడిపినవాడివి."

మర్నాడు కూపర్స్ వాళ్ళ మనుషులిద్దరు దిగారు. గోధుమరంగు కోట్లు, చేతుల్లో స్టాప్‌వాచీలు. ఆటకు వీపు పెట్టి జనంవైపు తిరిగి కూర్చున్నారు. బంతి గాల్లోకి లేచినప్పుడు ఎవరు ఎన్ని క్షణాల్లో లేచారో రాసుకున్నారు. ఎనిమిదో వరసలో ఒకాయన చేత నోరు తెరిపించి, గొంతులోకి టార్చి వేసి చూశారు. మూడోనాటికి జనంలో సగంమంది జట్టు టోపీలు జేబుల్లో దాచేసి, దారితప్పి వచ్చినవాళ్ళలా మొహాలు పెట్టుకుని కూర్చున్నారు.

బెర్నీస్‌కు నిద్ర పట్టలేదు. వెస్ట్‌బరోకు బస్సులో ఐదు గంటలు. అక్కడ టోపీ ఆకుపచ్చ. అక్కడ తన పక్కన ఎవరు కూర్చుంటారు? ఒకటే దారి కనబడింది. పనికిరాని అభిమానిలా కనబడాలి.

గురువారం ఎదుటి జట్టు కొట్టిన పరుగుకు చప్పట్లు కొట్టింది. అరచేతులు మండినట్టయింది.

"ఏమైంది నీకు?" అన్నాడు ఓర్విల్. "వాళ్ళది ఆ చొక్కా! నలుపు! మనది నీలం! ఇరవై ఆరేళ్ళ తర్వాత రంగులు నేర్పాలా?"

"ఎవరాడితే ఏంలే," అంది. ఆ మాట అన్నందుకు దేవుడు తనను క్షమించడని ఆమెకు గట్టిగా అనిపించింది.

శుక్రవారం అంతకన్నా ఘోరం చేసింది. ఏడో ఇన్నింగ్స్, స్కోర్లు సమానం, బేసుల నిండా పరుగుకు సిద్ధంగా మనవాళ్ళే. గోధుమరంగు కోటువాడు మూడు వరసల ముందే ఉన్నాడు. బెర్నీస్ చేతిసంచీ తీసుకుని లేచింది, వెళ్ళిపోవడానికి.

ఓర్విల్ కూడా లేచాడు. "బెర్నీస్! ఎక్కడికి? ఆట అవలేదు! బేసులు నిండున్నాయి, కనబడట్లా?" ఆమె ఆగకపోయేసరికి ఆ కోపమంతా వరసల మీదికి తిప్పాడు. "చూడండి! మీరందరూ చచ్చిన చేపల్లా కూర్చుంటే ఆవిడకి విరక్తి పుట్టింది! లేవండి! ఒరేయ్ ఎర్ర మీసాలూ, ఆ టోపీ జేబులోంచి తీసి నెత్తిన పెట్టు! అరవండి!"

జనం లేచారు. టోపీలు బయటికి వచ్చాయి. గేటు బయట బండ్ల మధ్య నిలబడిన బెర్నీస్‌కు ఆ అరుపులు వినిపించాయి. మనవాళ్ళు గెలిచారని అరుపులను బట్టే తెలిసింది. ఒక కారు అద్దంలో తన మొహం చూసుకుని తల పక్కకు తిప్పేసుకుంది.

మర్నాడు ఓర్విల్ ఆమె కోసం ఫ్లాస్కులో సూపు తెచ్చాడు. "కడుపునొప్పేగా? నాకు తెలుసులే. లేకపోతే నువ్వు బేసులు నిండున్నప్పుడు లేచేదానివా?"

సోమవారం ఆమె వచ్చేసరికి ఐదో కుర్చీలో అతను ఉన్నాడు గానీ, పల్లీలు ఒలవడంలేదు. ఒళ్ళో ఆకుపచ్చ టోపీ ఉంది. టోపీ అంచుమీద దారంతో అతని పేరు కుట్టి ఉంది.

"నన్నే అడిగారు," అన్నాడు మెల్లిగా. "శనివారం బస్సు. 'ఒక వరస మొత్తాన్ని లేపగల మనిషి' అని ఉత్తరంలో రాశారు చూడు. బెర్నీస్, రిటైరైననాడు వ్యాను తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళమన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఇప్పుడు ఒక ఊరు నన్ను కావాలంటోంది. ఎడమచేతి పిచ్చరుకు బదులుగా!"

"ఇద్దరు కుర్రాళ్ళు కూడా ఉన్నారు అందులో," అంది బెర్నీస్. తాను వేసిన వేషం వల్లే అతను అరిచాడు. అతను అరవడం వల్లే వాళ్ళు చూశారు. తనను తాను కాపాడుకుని, పక్కవాణ్ణి చేతులారా బస్సెక్కించింది. ఆ రోజు స్కోరు కాగితం మీద నాలుగుచోట్ల తప్పు గుర్తులు పెట్టింది.

మంగళవారం పొద్దున ఆమె సరుకులు తెచ్చుకునే చక్రాల బండి నిండా పాత స్కోరు కాగితాలు పేర్చి, జట్టు జనరల్ మేనేజరు క్వేడ్ గారి ఆఫీసుకు తోసుకుంటూ వెళ్ళింది.

"పదేళ్ళు ఆటలో ఉండి, చివరి ఐదేళ్ళూ ఒకే జట్టుతో ఉన్నవాణ్ణి అతని ఇష్టం లేకుండా పంపకూడదు. అవునా కాదా బాబూ?"

"అది ఆటగాళ్ళకమ్మా."

"అభిమానిని ఆటగాడిలా ఇచ్చేసినప్పుడు, ఆటగాడి హక్కు మాత్రం ఎందుకుండదు?"

క్వేడ్ గారు నిబంధనల పుస్తకం తెరిచి చాలాసేపు చదివాడు. ఎక్కడా కాదని లేదు. "టిబెట్స్ గారు అన్నేళ్ళూ వచ్చినట్టు రుజువేది?"

ఆమె ఒక కట్ట విప్పి ముందు పెట్టింది. ఆయన ఒక కాగితం తీశాడు, ఇంకొకటి తీశాడు, కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"బ్యాటింగుకు వచ్చేది తొమ్మిదిమందే కదమ్మా. ఈ కింద చేత్తో గీసిన పదో వరస ఎవరిది?"

బెర్నీస్ బండి చక్రాలవైపు చూసింది. "ఆయనదే."

పదో వరస ప్రతి కాగితం మీదా ఉంది. ప్రతి ఇన్నింగ్స్‌కూ ఒక గడి, గడిలో ఒక అక్షరం. ఇరవై ఆరేళ్ళలో రెండు ఆటలకు మాత్రమే ఖాళీగా ఉంది. ఒకటి అతను పన్ను పీకించుకున్న రోజు. రెండోది ఎందుకో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

క్వేడ్ గారు గొంతు సవరించుకుని, వెళ్ళనని చెప్పే తిరస్కార పత్రం టైపు చేయించి, రుజువుగా ఒక స్కోరు కాగితం దానికి పిన్ను చేశాడు. "హక్కు ఉంది. కానీ సంతకం ఆయన పెట్టాలి. మీరు కాదు."

ఆ మధ్యాహ్నం ఆమె ఆ పత్రాన్ని ఓర్విల్ ఒళ్ళో పెట్టింది. అతను చదివాడు.

"నేనెందుకు సంతకం పెట్టాలి? నువ్వేగా ఎప్పుడూ అంటావు, పోయేవాణ్ణి పోనీ చొక్కా ఉందిగా అని. ఈ కుర్చీలో ఇంకొకడొస్తాడు."

మొదటి బ్యాటరు అవుటయ్యాడు. రెండోవాడూ అవుటయ్యాడు. బెర్నీస్ రెండు గుర్తులూ పెట్టింది.

"ఇంకొకడు వద్దు," అంది.

"ఏంటీ?"

"వద్దన్నాను. వినపడదా? వినపడనివాణ్ణి వాళ్ళెలా ఎంచారో!" తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. "నన్ను పంపేస్తారని భయపడి వేషాలేశాను ఓర్విల్. ఆ చప్పట్లు అబద్ధం. ఏడో ఇన్నింగ్స్‌లో లేవడం అబద్ధం. నన్ను చూసే నువ్వు అరిచావు. నా మూలానే నిన్ను తీసుకుపోతున్నారు."

"కడుపునొప్పి కాదా?"

"కాదు."

"సూపు తెచ్చానే!"

"తాగాను. ఉప్పెక్కువైంది."

అతను పత్రం తిరగేశాడు. తర్వాత పిన్ను చేసిన కాగితం మీద వేలు పెట్టాడు. "ఈ పదో వరసేంటి? ఇక్కడ 'ఓ' అని రాశావు. ఇది నేనా? డెబ్బై ఒకటి, మే తొమ్మిది... నాలుగో ఇన్నింగ్స్‌లో ఈ 'ని' ఏంటి?"

"నిద్ర."

"నేను ఆటలో నిద్రపోవడమా! జన్మలో పోలేదు!"

"పక్కన చుక్క ఉంది చూడు. అది గురక."

"ఐదులో 'అ'?"

"అరుపు. మనవాడు బ్యాట్ అడ్డుపెట్టి అవుటైతే అరిచావు."

"అది సబబే," అన్నాడు ఓర్విల్. మళ్ళీ మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివాడు, పెదాలు కదుపుతూ. ఆకుపచ్చ టోపీని కుర్చీ కిందకు తోశాడు. "పెన్సిలివ్వు."

కూపర్స్ వాళ్ళు అంత తేలిగ్గా వదల్లేదు. ఉత్తరాలు నడిచాయి. అభిమాని రాకపోతే ఆయనకు సమానమైనదేదైనా పంపాలన్నారు. డాకర్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. మరుసటి సోమవారం ఇద్దరు పనివాళ్ళు స్పానర్లతో వచ్చి, పదకొండో వరస ఐదో కుర్చీని బోల్టులు విప్పి, దుప్పటి చుట్టి, లారీలో వెస్ట్‌బరో పట్టుకుపోయారు. అక్కడ దాన్ని అందరికంటే ముందు వరసలో బిగించారని పత్రికలో వచ్చింది.

"మంచి చోటే ఇచ్చారు దానికి," అన్నాడు ఓర్విల్ కాస్త అసూయగా.

మిగిలింది ఒక్క కుర్చీ. టికెట్లు ఇచ్చే కిటికీలో అడిగితే మడత కుర్చీలు వేయకూడదన్నారు. ఇద్దరూ చర్చించి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎదుటి జట్టు బ్యాటింగ్ చేసేటప్పుడు బెర్నీస్ కూర్చుంటుంది. మనవాళ్ళు చేసేటప్పుడు ఓర్విల్ కూర్చుంటాడు. నిలబడ్డవాళ్ళు స్కోరు రాస్తారు. మొదటిరోజు ఓర్విల్ రాసిన గడులు బెర్నీస్ చదవలేకపోయింది. ఇది మూడా ఎనిమిదా అని అడిగితే, ఎవరికి ఎలా నచ్చితే అలా అన్నాడు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో, ఎప్పటిలాగే మైదానమంతా ఒళ్ళు విరుచుకోవడానికి లేచి పాట పాడింది. అప్పుడు మాత్రం ఇద్దరూ నిలబడ్డారు. తొమ్మిదోది అయ్యేసరికి పింక్నీ వెన్నలా కరిగిపోయి స్కోర్లు సమానమయ్యాయి. తొమ్మిదితో ముగియాల్సిన ఆట పదో ఇన్నింగ్స్‌కు వెళ్ళింది.

"వాళ్ళ బ్యాటింగే. లే," అంది బెర్నీస్.

"ఒప్పందం తొమ్మిదింటికే. పదికి మాట్లాడుకోలేదు మనం."

"ఆడవాళ్ళకి కుర్చీ ఇవ్వడం కూడా తెలీదా నీకు?"

"తెలుసు. కానీ నన్ను ఒక ఊరు ఊరంతా కావాలంది తెలుసా! నేనెలా నిలబడతాను?"

వాళ్ళ బ్యాటరు బంతిని ఎత్తుగా లేపాడు. ఇద్దరూ ఒక్కసారే లేచి, మెడలు ఎత్తి చూశారు. బంతి ఎంతకీ కిందికి రాలేదు. వెనక వరసలోంచి ఎవరో, "కుర్చీ ఖాళీగా ఉందిగా, కూర్చోండి ఎవరో ఒకరు, కనబడట్లేదు!" అని అరిచారు.

ఇద్దరూ వినిపించుకోలేదు.