ట్యాంకర్‌లో మిగిలిన నీళ్ళు

మట్టి ట్రాక్ మీద కార్ల రేసులు నడిపే స్పీడ్‌వే క్లబ్బులో జీతం బత్తెం లేని పనులు చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికన్నా తిట్లు ఎక్కువ పడేది ట్రాక్ తడిపేవాడికే. నీళ్ళు ఎక్కువైతే డ్రైవర్లు తిడతారు, తక్కువైతే దుమ్ము మింగిన జనం తిడతారు. నెవిల్ ఇరవై ఏళ్ళుగా ఆ తిట్లు తింటూ ట్యాంకర్ నడుపుతున్నాడు. వెనకాలే రోలర్ మీద అతని స్నేహితుడు టెరెన్స్. శనివారం రేసులంటే బుధవారం నుంచే ఇద్దరూ బంకమన్ను గీకి, తడిపి, తొక్కించి, మళ్ళీ తడిపేవారు.

విరిగిన కంచెకు వెల్డింగ్ చేసేది కూడా నెవిలే. ఎంత వేగంతో కొడితే ఇనుప స్తంభం ఎంత వంగుతుందో అతనికి బాగా తెలుసు. అందుకే కూతురు బ్రిడీ చిన్న కార్లు వదిలేసి, ఈసారి నెత్తిన రేకు రెక్కలున్న పెద్ద రేసు కారు తోలుతానన్నప్పుడు అతనికి ముద్ద దిగలేదు. వద్దని నచ్చజెప్పాడు, కోప్పడ్డాడు, మాట్లాడటం మానేశాడు. వింటే అది నెవిల్ కూతురెందుకవుతుంది? పైగా ఆ కారు ఇంజన్ దగ్గరుండి బిగించింది టెరెన్సే. యాభై దాటినా అతనికి రేసుల పిచ్చి పోలేదు, అదే రేసులో తనూ తోలుతున్నాడు.

ఆ శనివారం పొద్దుటి నుంచే ఎండిన గోధుమ పొలాల మీదుగా ఉత్తరపు వేడిగాలి కొడుతోంది. టెరెన్స్ రోలర్ ఆపి ట్యాంకర్ దగ్గరకొచ్చాడు.

"ఒరేయ్ నెవిల్, ఇవాళ నీళ్ళ దగ్గర పిసినారితనం చెయ్యకు. సాయంత్రానికి ఒకడి మొహం ఇంకొకడికి కనపడదు."

"నాకు నేర్పుతున్నావా? పోయి నీ రోలర్ చూసుకో," అన్నాడు నెవిల్.

నేర్పక్కర్లేదు నిజమే. తడిమట్టి టైరును పట్టుకుంటుంది, కారు దూసుకుపోతుంది. పొడిమట్టి మీద జారుతుంది, ఎంత మొనగాడైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యాల్సిందే. నెవిల్ ట్యాంకర్ నిండా నీళ్ళు పట్టి, వాల్వ్ పూర్తిగా తెరవకుండా పైపైన చిలకరించుకుంటూ తిరిగాడు. ట్రాక్ నల్లగా నిగనిగలాడింది, చూసినవాళ్ళకి అనుమానం రాలేదు. ఈ ఒక్క రాత్రికే, పెద్ద కారులో పిల్ల మొదటి రేసు మెల్లగా గడిచిపోతే చాలు అనుకున్నాడు. కడుపు తీపి మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది.

మొదటి రేసుల్లో అంతా అతను అనుకున్నట్టే జరిగింది. కార్లు జారాయి, డ్రైవర్లు గొణిగారు, నెవిల్ చాలా రోజుల తర్వాత రొట్టెలో చుట్టిన సాసేజ్ ఆకలిగా తిన్నాడు. కానీ పొద్దు గుంకినా గాలి తగ్గలేదు. బ్రిడీ రేసు మొదలయ్యేసరికి దీపాల చుట్టూ ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ కనిపించడం లేదు. మూడో మలుపులో ఆమె కారు జారి, గిర్రున తిరిగి, ట్రాక్‌కి అడ్డంగా ఆగిపోయింది. వెనకే వస్తున్న టెరెన్స్‌కి అది కనపడింది ఆఖరి క్షణంలోనే. ఆమెను గుద్దకుండా స్టీరింగ్ తిప్పేసి నేరుగా కంచెకి కొట్టుకున్నాడు.

బ్రిడీకి గీత కూడా పడలేదు. టెరెన్స్‌కి నడుము కింద స్పర్శ లేదు.

ఆదివారం పొద్దున నెవిల్ ఆసుపత్రికి వెళ్ళాడు. మంచం పక్కన నిలబడి నోరు తెరిచేలోపే టెరెన్స్ అందుకున్నాడు. "ఊరుకోరా. నువ్వు తిరిగి తిరిగి తడపడం నేను చూళ్ళేదా? ఆ గాలికి ఎవడేం చేస్తాడు?" నెవిల్ తలూపాడు. ఆ తలూపడం కత్తితో పొడిచినంత పని చేసింది అతన్ని.

మధ్యాహ్నం క్లబ్బువాళ్ళు ట్రాక్ బాగుచేయడానికి చేరారు. అందరూ గాలినే తిట్టారు. వంగిన స్తంభం దగ్గర నెవిల్ వెల్డింగ్ మొదలుపెట్టకుండా నిలబడిపోవడం చూసి, బ్రిడీ అతన్ని కూర్చోమంది. రక్తం మరకలు కడగడానికి ట్యాంకర్ తనే మూడో మలుపుకు తెచ్చి, వాల్వ్ తిప్పింది. నిన్న ఖాళీ అయిన ట్యాంకర్‌లో అడుగున మిగిలిన నాలుగు చుక్కలొస్తే మరకలకు చాలనుకుంది. నీళ్ళు బుసకొడుతూ దూకాయి. ఎంతసేపటికీ ఆగలేదు.

ఆమె ట్యాంకర్ వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు.

"నాన్నా, ఇవి నిన్నటివా?"

"నువ్వు మెల్లగా వెళ్తావనుకున్నాను తల్లీ."

బ్రిడీ ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడవలేదు. జేబులోంచి కారు తాళాలు తీసింది.

"ఎక్కు. టెరెన్స్ మామతో నువ్వే చెప్పాలి."

వాల్వ్ కట్టాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు. వాళ్ళ వెనక మూడో మలుపు నానుతోంది, నిన్న మధ్యాహ్నం నానాల్సినంతగా.