తమ్ముడి గిటార్‌కి జీరో ఫ్రెట్

"కూర్చోరా కాసేపు. నువ్వలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు చెయ్యి ఆడదు" అని తమ్ముణ్ణి కసిరాను. నిజానికి పొద్దుటినుంచీ కొట్టంతా తిరుగుతున్నది నేనే. వాడు పాపం మంచినీళ్ళ కోసం లేచాడు.

మాది గిటార్లు బాగుచేసే కొట్టు. నేనూ మావారూ చెరో బల్ల దగ్గర పని చేస్తాం. తమ్ముడు హోటల్ బ్యాండులో గిటార్ వాయిస్తాడు. వాడికి ఇంకో పని రాదు, నేర్చుకోవాలని ఎన్నడూ అనుకోనూ లేదు. కొన్నాళ్ళుగా ఎడమచేతి వేళ్ళ కణుపులు వాస్తున్నాయి. తీగ నొక్కితే ప్రాణం పోతోందంటాడు. బ్యాండు మాస్టారు మంచివాడే, కానీ ఎన్నాళ్ళని ఓపిక పడతాడు? శనివారం వచ్చి కచేరీ అంతా వాయించగలిగితే సరే, లేదంటే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

అందుకే జీరో ఫ్రెట్ వేస్తానన్నాను. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు ఫ్రెట్లు. మెడ కొసన తీగలు ఆనే ఎముక ముక్క నట్. ఆ నట్ పక్కనే ఇంకో ఫ్రెట్ వేస్తే తీగల బరువంతా దాని మీదికి పోతుంది. నట్‌కి ఇక తీగల్ని ఎడంగా పట్టుకునే పని ఒక్కటే. తీగలు కిందికి దిగుతాయి, వేలు అంత గట్టిగా నొక్కక్కర్లేదు.

మావారికి ఆ మాటే గిట్టదు.

"చౌకరకం గిటార్లకి వేస్తారది. నట్‌లో తీగ కూర్చునే గాడి సరిగ్గా కొయ్యడం చేతకాని వాళ్ళ తెలివితేటలు" అన్నారు.

"ఆహా, మీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు మరి! ఆకురాయి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే, వేలితో నొక్కని విడి తీగ జుయ్యిమంటుంది. దీనికి ఆ బెడదే లేదు. పైగా నొక్కిన తీగా, నొక్కని తీగా ఒకేలా పలుకుతాయి."

"తీగలు ఎప్పుడూ దాని మీదే కూర్చుంటాయి కదా. ఏడాది తిరక్కుండా అరిగి గాళ్ళు పడతాయి. అప్పుడు పీకి మళ్ళీ వెయ్యాలి."

"వేస్తాను. నా తమ్ముడికి నేను వెయ్యనా?"

"నీతో వాదించడం నాదే బుద్ధితక్కువ" అని ఆయన తన బల్ల వైపు తిరిగారు.

నిదానం నా ఒంట్లోనే లేదు, ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. నట్ ముందు రంపంతో గాడి కోశాను, ఫ్రెట్ దింపి సుత్తితో కొట్టాను, అరగదీశాను, తీగలు కట్టేశాను. విడి తీగలు చక్కగా శ్రుతి కలిశాయి. తీరా మూడు నాలుగు తీగలు కలిపి నొక్కి కార్డు పట్టి మీటుదును కదా, ఒకటే అపశ్రుతి! మళ్ళీ శ్రుతి చేశాను. మళ్ళీ అదే గోల.

మావారు లేచివచ్చి స్కేలు పెట్టి చూశారు.

"తీగ కొలత మొదలయ్యేది నట్ అంచు దగ్గర. దాని ముందు ఫ్రెట్ వేసి ఆ మొదలునే ముందుకు లాగేశావు. మిగతా ఫ్రెట్లన్నీ పాత కొలతకే ఉన్నాయి. నట్‌ని వెనక్కి జరిపి, దాని అంచు ఉన్నచోటే ఇది వెయ్యాలి తల్లీ."

"నా మొహం! నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళు చేసే తప్పు!" నెత్తి బాదుకున్నాను. ఏడుపు ముంచుకొచ్చింది. మెడ పాడైతే శనివారానికి వాడి చేతిలో గిటారే ఉండదు.

"పోనీలే అక్కా" అన్నాడు తమ్ముడు, మరీ నిమ్మళంగా. ఆ నిమ్మళం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇద్దరం కలిసి పనిలో పడ్డాం. నేను ఫ్రెట్ పీకి, ఆ గాడిలో చెక్క పేడు దిగ్గొట్టి జిగురు పోశాను. ఆయన నట్ ఊడదీసి, దాని గుంటని వెనక్కి తొలిచారు. సరైన చోట ఫ్రెట్ వేసి తీగలు కట్టేసరికి తిండివేళ ఎప్పుడో దాటిపోయింది. ఈసారి కార్డు పట్టి మీటితే ఎంత బాగా పలికిందో! వేలు ఆనిస్తే చాలు, తీగ దిగుతోంది. మావారు కూడా తలూపారు.

"ఇందా, వాయించరా!"

వాడు ఒక కార్డు పట్టాడు. రెండోదానికి వేళ్ళు మార్చబోయి, పళ్ళు బిగించి ఆగిపోయాడు. గిటార్ ఒళ్ళో పడుకోబెట్టాడు.

"బాగా కుదిరింది అక్కా. వెన్నలా ఉంది."

"మరి వాయించవేం?"

"పోయిన నెలే చూశాను. మొదటి ఫ్రెట్ మీద క్యాపో బిగించి వాయించాను. అప్పుడూ ఇదే నొప్పి. వేలు వంగట్లేదక్కా."

క్యాపో అంటే మెడకి తగిలించే పట్టు. అది బిగిస్తే తీగలన్నీ ఫ్రెట్ మీద ఆనుతాయి, అచ్చం జీరో ఫ్రెట్ వేసినట్టే. రంపం పట్టకుండా క్షణంలో తేలిపోయే సంగతి! ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, నాకెందుకు తట్టలేదు?

"మరి పొద్దుటినుంచీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఇంత కొయ్యనిచ్చావెందుకురా?" అని అరిచాను.

"నువ్వేదో ఒకటి చెయ్యందే ఉండలేవు కదా. చెయ్యనీ అనుకున్నాను." వాడు ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "మాస్టారికి నువ్వే చెప్పక్కా. నావల్ల కాదు."

మావారు తన బల్ల దగ్గరికి పోకుండా అక్కడే నిలబడిపోయారు. మాస్టారు ఫోన్ ఎత్తగానే గబగబా చెప్పేశాను, మావాడు శనివారం రాలేడని.

"అయ్యో. పోనీ, ఆ పై వారం వస్తాడా?" అన్నాడాయన.

తమ్ముడి వైపు చూశాను. వాడు తీగలు ఒక్కొక్కటే వదులు చేస్తున్నాడు.

"లేదండీ. ఇంక రాడు" అన్నాను.