బార్ పూజకు కూర్చున్నవాడు

బెంగాలీల ఉగాది పయ్లా బొయిశాఖ్ నాటి ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. ఎర్రంచు తెల్లచీర కట్టుకున్న భార్య మిఠూని వెంటబెట్టుకుని తుహిన్ గాయేన్ ట్రామ్ దిగి, మైదాన్‌లోని తన ఫుట్‌బాల్ క్లబ్బు టెంటు వైపు నడుస్తున్నాడు. ఎడమ మోకాలు అప్పుడే సలపడం మొదలుపెట్టింది. ఏడాది మొదటి రోజని దానికేం తెలుసు?

"వింటున్నావా, కాస్త నెమ్మదిగా నడు. కెప్టెన్ కుంటుకుంటూ వెళితే ఏం బావుంటుంది?" అంది మిఠూ. ఆమె చేతిలో సందేశ్ మిఠాయి పెట్టె ఉంది.

"ఇంకా కాలేదుగా."

"హాబుల్‌దా తన నోటితో అన్నాడా లేదా?"

"అన్నాడు."

"మరింకేం? నీకు మంచి జరుగుతుందంటే నువ్వే నమ్మవు."

నమ్మకపోవడం అతని తప్పు కాదు. కుర్రతనంలో ఈ క్లబ్బుకి వచ్చినప్పుడు తుహిన్ మధ్యలో ఆడేవాడు. బంతి తన కాలికి తగిలేలోపే దాన్ని ఎవరికి పంపాలో అతనికి తెలిసిపోయేది. ఆ ఏడు ఆటలు మొదలైన కొత్తల్లోనే ఎడమవైపు బ్యాక్ ఆడేవాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. "ఈ ఒక్క ఆటకీ అక్కడ నిలబడు నాయనా" అన్నాడు అప్పటి కోచ్. నిలబడ్డాడు, బాగా ఆడాడు. అదే అతని కొంప ముంచింది. ఆ తర్వాత కుడివైపు ఖాళీ వస్తే కుడివైపు, వింగ్‌లో మనిషి జ్వరపడితే వింగ్‌లో, గోలు ముందు అడ్డు నిలిచే స్టాపర్ వేరే క్లబ్బుకి ఎగిరిపోతే స్టాపర్‌గా. ఒకసారి గోల్‌కీపర్‌కి ఆట మధ్యలో వాంతులు పట్టుకుంటే అతని చొక్కా తొడుక్కుని గోల్లో కూడా నిలబడ్డాడు. వచ్చిన ప్రతి కోచ్ భుజం మీద చెయ్యి వేసి ఒకే మాట చెప్పాడు: వచ్చే ఏడు నిన్ను మధ్యలోనే ఆడిస్తాను.

క్లబ్బు కార్యదర్శి హాబుల్‌దా అయితే అతనికి ఆలుగడ్డ అని పేరు పెట్టేశాడు. "మా తుహిన్ ఆలుగడ్డయ్యా! చేపల పులుసులో వేసినా ఒదుగుతాడు, బిర్యానీలో వేసినా ఒదుగుతాడు" అని పదిమందిలో మురిసిపోతూ చెప్పేవాడు. అది పొగడ్తేనని మొదట్లో తుహిన్ కూడా సంబరపడ్డాడు. ఇప్పుడా మాట వింటే ఒళ్లంతా నీరసం కమ్ముతుంది. ఆట విసుగెత్తలేదతనికి. ఎవరో ఖాళీ చేసిన చోటికి పరిగెత్తి పరిగెత్తి ప్రాణం విసిగిపోయింది.

ఈ మోకాలితో ఇదే ఆఖరి ఏడని అతనికి తెలుసు, మిఠూకి తెలుసు. అందుకే పోయిన నెలలో హాబుల్‌దా "ఈసారి పీట మీద కూర్చునేది నువ్వేరా" అన్నప్పుడు ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గోలు కర్రల మీద అడ్డంగా ఉండే బార్‌ను దించి, సింధూరం పూసి, పూలు చుట్టి, ఏడాది మొదటి రోజున మైదాన్‌లో ప్రతి క్లబ్బూ పూజ చేస్తుంది. దాని ముందు పీట మీద కూర్చుని తన పేరూ గోత్రమూ చెప్పి ఎవరు సంకల్పం చేస్తే వాడే ఆ ఏటి కెప్టెన్. వీళ్ల క్లబ్బులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కెప్టెన్ చోటును కోచ్ కూడా కదపడు. తుహిన్‌కి కావలసింది ఆ పెద్దరికం కాదు, ఆ చోటు. ఒక్క ఏడాది, నడిమధ్యన.

టెంటు దగ్గర లూచీ పూరీలు వేగుతున్న వాసన గుప్పుమంది. తెల్లరంగు వేసిన బార్‌ను ఇటుకల మీద ఆనించి పెట్టారు. పురోహితుడు భట్టాచార్య మొశాయ్ మామిడాకులు సర్దుతున్నాడు. మిఠూ వెళ్లి ఆడవాళ్లలో నిలబడగానే హాబుల్‌దా పరుగులాంటి నడకతో వచ్చి, తుహిన్ మోచెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి లాక్కుపోయాడు.

"ఒరేయ్, ఒక సంగతి. కోప్పడకు."

తుహిన్‌కి కోపం రాలేదు. సంగతేమిటో సగం అప్పుడే అర్థమైపోయింది.

"రణజయ్ శిక్దార్ మన దగ్గరికి వస్తున్నాడు. వేరే క్లబ్బువాళ్లు ఎత్తుకుపోకుండా నాలుగు రోజులుగా చందన్‌నగర్‌లో మా బావమరిది ఇంట్లో దాచిపెట్టాను. కెప్టెన్సీ ఇస్తేనే వస్తానని కూర్చున్నాడు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

"ఎక్కడ ఆడతాడు?"

"ఎక్కడేమిటి, మధ్యలో. అతనిది అదేగా." హాబుల్‌దా మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే టాక్సీ ఇంకా రాలేదు. ముహూర్తం దాటిపోతోందని ముసలాయన గోల పెడుతున్నాడు. నువ్వు కూర్చో. అతని తరఫున. పేరూ గోత్రమూ అతనివి చెప్పెయ్, నీ సొమ్మేం పోదు."

"పూజకి కూడా ఆలుగడ్డేనా, హాబుల్‌దా?"

"నువ్వు కాబట్టి అడుగుతున్నానురా. ఇంకొకణ్ణి అడిగితే మొహం మీద ఉమ్మేస్తాడు."

ఆ మాట నిజమే. తుహిన్ చెప్పులు విడిచి, పంచె సర్దుకుని, వెళ్లి పీట మీద కూర్చున్నాడు. మడిచిన మోకాలు భగ్గుమంది. అవతల మిఠూ పక్కావిడ భుజం తట్టి ఇతన్ని చూపించింది. ఆమె నవ్వు చూడలేక తుహిన్ తలొంచుకున్నాడు. ఇన్నేళ్లలో ఏ తన్నూ అతన్ని అంత నొప్పించలేదు.

భట్టాచార్య మొశాయ్ అతని దోసిట్లో నీళ్లు పోసి, ఒక పువ్వు పెట్టాడు. "గోత్రం?"

"శాండిల్యం" అని వెనకనుంచి హాబుల్‌దా అందించాడు. మళ్లీ తనే "కాదు కాదు, భరద్వాజం అనుకుంటా. ఒరేయ్, శిక్దార్‌లది ఏ గోత్రమో ఎవడికైనా తెలుసా?" అన్నాడు.

"తెలియకపోతే కాశ్యపం అనెయ్యమనండి, అందరికీ సరిపోతుంది" అన్నాడు ఎవరో. నవ్వులు లేచాయి.

"అది కూరగాయల బేరం కాదు నాయనా, సంకల్పం!" పురోహితుడు కసిరాడు. "కూర్చున్నవాడు చెప్పాలి. ఊఁ, గోత్రం?"

దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి. ఎదురుగా సింధూరం పూసిన బార్ మెరుస్తోంది. ఇంకొకడి చొక్కాలు తొడిగాను, ఇంకొకడి చోట్లలో పరిగెత్తాను, ఇప్పుడు దేవుడి ముందు ఇంకొకడి పేరు కూడానా అనిపించింది తుహిన్‌కి. ఇంక ఓపిక లేదు. తెగింపు కూడా కాదది, ఉత్త ఓపిక లేకపోవడమే.

"మౌద్గల్య గోత్రం" అన్నాడు. "తుహిన్‌కాంతి గాయేన్."

పురోహితుడికి కావలసింది అంతే. గడగడా మంత్రం చదివేసి నీళ్లు వదలమన్నాడు. తుహిన్ వదిలేశాడు.

హాబుల్‌దా చెయ్యి అతని మెడ మీద పడింది. "ఏం చేశావురా? మొశాయ్, ఇంకోసారి మొదలుపెట్టండి, వీడు తప్పు చెప్పాడు!"

"తన పేరు తను తప్పు చెబుతాడా? జలం విడిచేశాక మళ్లీ మొదలుపెట్టడానికి ఇదేం మీ ఆటా?" అంటూ పెద్దాయన శంఖం ఊదేశాడు.

తుహిన్ లేచి నిలబడ్డాడు. హాబుల్‌దా అటూ ఇటూ తిరిగాడు. "ఇప్పుడతను వచ్చి దిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? విశ్వాసం లేదురా నీకు!" అన్నాడు చివరికి. ఆ తిట్టు తుహిన్‌కి హాయిగా ఉంది. మొదటిసారి తను చేసిన పని తనదిగానే ఎవరో గుర్తించారు.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. టాక్సీ రానే వచ్చింది. అందులోంచి దిగింది హాబుల్‌దా బావమరిది ఒక్కడే. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"బావా, స్నానానికని వెళ్లి పెరటి తలుపులోంచి జారుకున్నాడు. ఎవరో కారు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారట. ఈపాటికి వాళ్ల క్లబ్బులో పీట మీద కూర్చుని ఉంటాడు."

హాబుల్‌దా బావమరిదిని చూశాడు, బార్‌ను చూశాడు, తుహిన్‌ను చూశాడు. ఉన్నట్టుండి వచ్చి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"ఒరేయ్ బంగారం! నీకు ముందే అనుమానం తగిలింది కదూ? ఆ దొంగవెధవ పేరు మీద సంకల్పం జరిగుంటే మైదానంతా మనల్ని చూసి నవ్వేది కదరా! పరువు నిలబెట్టావు!"

"అది కాదు హాబుల్‌దా. నేను నా కోసం చెప్పుకున్నాను."

"చూశారా, చూశారా! ఎంత సాయం చేసినా పైకి చెప్పుకోడు!" హాబుల్‌దా అందరివైపు తిరిగాడు. "ఎక్కడ ఖాళీ పడుతుందో వీడికి ముందే తెలుస్తుందయ్యా. ఆలుగడ్డంటే ఊరికే అన్నానా?"

అందరూ చప్పట్లు కొట్టారు. తుహిన్ ఇంకోసారి చెప్పబోయి ఊరుకున్నాడు. జన్మకొక్కసారి తన కోసం చేసుకున్న పని కూడా ఎవడి ఖాళీనో పూడ్చడానికే పోయింది. అక్కడే గడ్డి మీద పడుకుని సాయంత్రం దాకా లేవకూడదనిపించింది.

లూచీ, ఆలూదమ్ ఉన్న ఆకుదొన్నె తెచ్చి మిఠూ పక్కన కూర్చుంది. జరిగిందంతా ఆమెకి అప్పుడు చెప్పాడు.

"నీ గొంతు విన్నప్పుడే అనుకున్నాను" అంది ఆమె. "పెళ్లిపీటల మీద కూడా నీ పేరు అంత గట్టిగా చెప్పలేదు నువ్వు." లూచీ తుంచి అతని చేతికిచ్చింది. "ఆలుగడ్డ ఒక్కటే వేసి చేసే కూర కూడా ఉంది. తిను."

పూజ అయ్యాక ప్రతి ఏడూ ఒక సరదా ఆట ఉంటుంది. క్లబ్బు పాత ఆటగాళ్లు ఒకవైపు, ఇప్పటివాళ్లు ఒకవైపు. సరదా అని పేరే గానీ పూజలందుకున్న బార్ కింద ఆ రోజు ఇప్పటివాళ్ల మీద గోలు పడిందంటే ఏడాదంతా పాడేనని అందరి నమ్మకం. అందుకని ఆ బార్‌ను ఎత్తి ఇప్పటివాళ్లు కాపాడే గోలుకే బిగిస్తారు. పాతవాళ్లు కూడా పెద్దమనసు చేసుకుని గురి తప్పి కొడుతుంటారు.

కోచ్ నిమాయ్‌దా వచ్చి తుహిన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు తుహిన్‌కి బాగా అలవాటే.

"స్టాపర్ వాళ్ల అత్తారింటికి పోయాడు. ఇవాళ్టికి కాస్త వెనక నిలబడు బాబూ."

"కెప్టెన్ చోటు కదపరు కదా, నిమాయ్‌దా?"

"అబ్బ, అది అసలు ఆటల్లో. ఇదేముంది? సరదాకి."

తుహిన్ బూటు లేసు బిగించుకుని లేచాడు. నడుచుకుంటూ వెళ్లి మధ్య వలయంలో ఆగాడు. అక్కడ అప్పటికే కుర్రాడు పలాశ్ నిలబడి ఉన్నాడు.

"దాదా, మీరు వెనక కదా?"

"కాదు."

"మరి నేనెక్కడ నిలబడాలి?"

"ఏమో తమ్ముడూ. ఇన్నేళ్లూ నేనూ అదే అడిగాను." పలాశ్ బిక్కమొహం పెట్టి వింగ్ వైపు జరిగాడు. వెనక ఎవరూ వెళ్లలేదు. "తుహిన్! ఒరేయ్, వెనక్కి!" అని గీత అవతలనుంచి నిమాయ్‌దా అరుస్తూనే ఉన్నాడు. విజిల్ మోగింది.

మధ్యనుంచి మైదానం ఎంత పెద్దదో తుహిన్ మరిచిపోయాడు. మొదటి బంతి కాలికి తగలకముందే దారి కనిపించింది. దాన్ని పలాశ్‌కి ముందుగా పడేలా పంపాడు. రెండోది, మూడోది. మోకాలు పీకుతోంది, ఊపిరి అందడం లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమటేలే అనుకున్నాడు గానీ చెమట కాదు.

అప్పుడు బంతి ఫటిక్‌దాకి దొరికింది. ఆయన పాత సెంటర్ ఫార్వర్డ్, ఇప్పుడు బొజ్జ తప్ప ఇంకేమీ ముందుకి పోదు. ఆయన ఎదురుగా వీధంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ తుహిన్ వదిలేసిందే.

"తుహిన్!" టెంటు టెంటంతా లేచి అరిచింది. "తుహిన్, ఖాళీ! ఖాళీ!"

కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. రెండడుగులు వేశాయి కూడా. అందుకోగలడు, ఆ బొజ్జాయన్ని ఈ మోకాలితో కూడా అందుకోగలడు. తుహిన్ ఆగాడు. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

పాపం ఫటిక్‌దా గురి తప్పించాలనే చూశాడు. గురి తప్పడం అలవాటు లేని కాలు, బంతి తిన్నగా పోయింది. సింధూరపు బార్ కింది అంచుకి కొట్టుకుని లోపల పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫటిక్‌దా రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. హాబుల్‌దా కుర్చీలో కూలబడిపోయాడు. ఆడవాళ్లలోంచి మిఠూ ఒక్కతే లేచి నిలబడి ఉంది.

గోల్లోంచి బంతి తీసి గోల్‌కీపర్ విసుగ్గా ముందుకి తన్నాడు. గోలు పడ్డాక ఆట మళ్లీ మధ్యలోనే మొదలవ్వాలి. బంతి దొర్లుకుంటూ వచ్చి తుహిన్ కాళ్ల దగ్గర ఆగింది. అతను అక్కడే ఉన్నాడు.