కొండంతా కలిసి పోసిన రసం

మా అత్తగారు కోసార దృష్టిలో వైద్యశాస్త్రం మొత్తం ఒక సీసాలో పడుతుంది. జ్వరమొస్తే వేణ్ణీళ్ళలో రాస్ప్‌బెర్రీ రసం, గుండెల్లో మంటైతే చన్నీళ్ళలో రాస్ప్‌బెర్రీ రసం. పిల్లలు పుట్టనివాళ్ళకీ అదే, పుట్టిన పిల్లలతో వేగలేనివాళ్ళకీ అదే. చర్చి గురువుగారికి గొంతు పోతే కూడా ఈవిడే పట్టించింది. ఆ ఆదివారం ఆయన ఎంతకీ ప్రసంగం ఆపలేదు, ఆ పాపం ఈవిడదే.

అరిల్యే పట్నానికి పైనున్న మా కొండ మీద రాస్ప్‌బెర్రీ తోట లేని ఇల్లు లేదు. గట్టి పండు పెట్టెల్లో కోల్డ్ స్టోరేజీకి పోతుంది, నలిగింది వంటింటికొస్తుంది. అత్తగారు దాన్ని చేత్తో చిదిమి, నిమ్మఉప్పు కలిపిన నీళ్ళు పోసి, రాత్రంతా మూతపెట్టి, పొద్దున్నే పల్చటి గుడ్డలో వడగడుతుంది. పొయ్యి ముట్టించదు. ఆ తర్వాత రసమెంతో చక్కెరంత. కరిగేదాకా తిప్పి ఖాళీ సారా సీసాలకెత్తుతుంది. గ్లాసులో రెండు వేళ్ళ మందం పోసి, నిండా బావినీళ్ళు కలిపితే వచ్చే ఎరుపు చూసే మా మామగారు వెలిమిర్ ఈవిణ్ణి చేసుకున్నాడట. నేను నమ్ముతాను. ఆయనకి అన్నం లేకపోయినా గడుస్తుంది, ఆ గ్లాసు లేకపోతే గడవదు.

పోయిన వేసవిలో తోటలో తీగ గీసుకుని ఆయన కాలి బొటనవేలికి పుండైంది. మానలేదు. అత్తగారు రసం పోసింది. అయినా మానలేదు. ఇంకో గ్లాసు పోసింది. వేలు నల్లబడేసరికి నేనే ఆయన్ని బండెక్కించి పట్నం తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది.

"తాతా, నీ ఒంట్లో రక్తం కాదు, పానకం పారుతోంది. పండు తిను, గింజలతో సహా గుప్పెడు తిను, మంచిదే. పీచుంటుంది, సి విటమినుంటుంది. మీరు తాగేది మాత్రం రంగేసిన చక్కెర. మానకపోతే ముందు వేలు తీసేస్తాం, తర్వాత పాదం."

ఈ మాట ఇంట్లో చెప్పేసరికి అత్తగారు నా మీద విరుచుకుపడింది.

"నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నా చేతి రసానికి వంకపెడుతుందా! ఆ పుండు గాలికొచ్చింది. ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి పడుకోబెట్టావు చూడూ, అందుకు!"

"గాలికి వేళ్ళు కుళ్ళవత్తయ్యా."

"మా మేనమామకి కుళ్ళింది!"

అరిచి అరిచి, మామగారి కాలి కట్టు విప్పి చూసింది. సీసాలన్నీ నేలమాళిగలో పెట్టి తాళమేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుంది. అక్కణ్ణించి దాన్ని తీసే ధైర్యం మామగారికి ఎప్పుడో పోయింది.

అయినా రక్తంలో చక్కెర దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది. డాక్టరమ్మ నావైపు దొంగని చూసినట్టు చూసింది. ఇంతలో మామగారికి ఎక్కడలేని బంధుప్రీతి పుట్టుకొచ్చింది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ, ఎగువింటి మిలుంక ఆవు ఈనిందేమో చూసొస్తానని ఒకరోజు బయల్దేరతాడు. ఏళ్ళ తరబడి మాటల్లేని వుకోమాన్‌తో రాజీపడొస్తానని ఇంకోరోజు. నాకు అనుమానమొచ్చి వెనకాలే వెళ్ళాను. మిలుంక వరండాలో కాళ్ళు బారజాపుకుని, చేతిలో నిండు గ్లాసుతో, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు మహానుభావుడు.

మా కొండ మీద గుమ్మం తొక్కినవాడికి ముందు రసం గ్లాసు చేతిలో పెట్టాలి, ఎందుకొచ్చావని తర్వాత అడగాలి. పెట్టకపోతే ఆ ఇంటికి తలవంపులు. తాగకపోతే వచ్చినవాడికి తలవంపులు. తాగి బాగుందనకపోతే మనవల కాలం దాకా పగ. ఈ మర్యాదనంతా ఈయన ఇంటింటికీ తిరిగి తాగుతున్నాడు!

ఆయన వెళ్ళగానే మిలుంక మీద పడ్డాను. "మిలుంకత్తా, మనిషిని చంపుతావా?"

"ఏం చెయ్యమంటావే సవేతా? గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఎండిన నోటితో పంపనా? వెలిమిర్‌కి గ్లాసు పొయ్యలేదని రేపు నా శవం దగ్గర చెప్పుకోరూ?"

"పోస్తే ఆయన శవం దగ్గర చెప్పుకుంటారు!"

"దానికి నేనేం చెయ్యను? నా మర్యాద నాది."

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. మళ్ళీ అరుస్తుందనుకున్నాను. పీట మీద కూలబడి ఏడ్చేసింది.

"ఈ కొండంతా నా దగ్గర నేర్చుకున్నదే కదే. చక్కెర ఎంతెయ్యాలో అందరికీ నేనే చెప్పాను. నా చేతులారా ఆయన కాలు తీయిస్తున్నాను."

ముక్కు చీదుకుని లేచింది. పండు చిదిమింది, వడకట్టింది, చక్కెర డబ్బా వైపు చూడలేదు. చక్కెర లేకపోతే నిలవుండదు కాబట్టి సీసాలకి మూత బిగించి గంగాళంలో మరిగించింది. మంటెగదోసినప్పుడల్లా డాక్టరమ్మని తిట్టింది, మధ్యమధ్యలో నన్నూ. చివరికి ఒక చుక్క నాలిక్కి రాసుకుంటే మొహం మొత్తం ముడుచుకుపోయింది.

"థూ! గాడిదక్కూడా పొయ్యరు దీన్ని."

మర్నాడు ఆ సీసాలు బుట్టకెత్తుకుని ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. "మా ఆయనొస్తే ఇది పొయ్యండి. ఎవరైనా నవ్వారో, చూస్కోండి!" అని వేలు చూపించి మరీ చెప్పింది.

ఆయన వచ్చే వేళకి నేను మిలుంక తలుపు వెనకాల నక్కాను. ఒక్క గుక్క పడగానే ఆయన కన్నొకటి దానంతటదే మూసుకుపోయింది.

"ఎలా ఉందన్నయ్యా?" నడుమ్మీద చేతులేసుకుని అడిగింది మిలుంక.

"బా... బాగుంది చెల్లెమ్మా."

"మరైతే ఇంకో గ్లాసు!"

చుట్టం కాదనకూడదు. తాగాడు. పక్కింట్లోనైనా తియ్యగా దొరక్కపోతుందా అని శిలువ గీసుకుంటూ వెళ్ళాడు. అక్కడా అదే. వుకోమాన్ అయితే గ్లాసు మీద గ్లాసు పోసి పాత పగంతా తీర్చుకున్నాడు.

చక్కెర దిగింది. పుండు ఎర్రగా, ఆరోగ్యంగా మూసుకోవడం మొదలైంది. డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. విచిత్రమేమిటంటే, ఈయన ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉన్నాడు. ఒకరోజు ఉండబట్టలేక వాకిట్లో ఆపేశాను.

"మామయ్యా, ఎక్కడికెళ్ళినా పులుపేనని తెలిసింది కదా, ఇంకా ఎందుకు తిరగడం?"

"పిచ్చిదానా," అన్నాడు గొంతు తగ్గించి, "మొదటి గుక్కలోనే తెలిసిందే, అది మీ అత్త చేతిదని. తాళమేసిన రోజు నుంచీ ఆవిడ చేత్తో పోసింది నాకు చుక్క లేదు. ఇంట్లో పొయ్యదు. అడిగితే ఏడుస్తుంది. అందుకే ఊళ్ళో తాగొస్తున్నా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు గ్లాసు పట్టుకొచ్చి ఆయన ముందు ఠంగుమని పెట్టింది.

"ఊరేగక్కర్లేదు. ఇక్కడే తాగు."

ఆయన తాగాడు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. "బాగుంది," అన్నాడు.

"అబద్ధాలాడకు. నువ్విక్కడ చుట్టానివి కాదు."

"దరిద్రంగా ఉంది కోసారా."

"నాకు తెలుసు," అంటూ అత్తగారు ఆయన పక్కనే కూర్చుని గ్లాసు మళ్ళీ నింపింది.