ఒడ్డున కూర్చున్న టెస్టింగమ్మాయి

పొద్దున కాఫీ తాగి బ్లెస్సీ ల్యాప్‌టాప్ తెరవగానే నలుగురూ వచ్చేవాళ్ళు. గుణదలలో కొండ కిందున్న ఆ రెండు గదుల ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. వాళ్ళు బ్లెస్సీ దగ్గర పనిచేసే ఏఐ ఏజెంట్లు. ఒకాయన పని పంచేవాడు. ఒకాయన కోడ్ రాసేవాడు. ఇంకొకాయన రాసింది చదివి బాగుందో లేదో చెప్పేవాడు. నాలుగో మనిషి పాతికేళ్ళ పిల్లలా ఉండేది, కోడ్‌కి పరీక్షలు పెట్టే టెస్టింగ్ పని చూసేది. ఆమెని బ్లెస్సీ తల్లి అమలమ్మ టెస్టింగమ్మాయి అని పిలిచేది.

అమలమ్మ ముందుగదిలోనే జాకెట్లు కుట్టేది. మిషను తొక్కుతూనే నలుగుర్నీ కాఫీ తాగుతారా అని అడిగేది. వాళ్ళు వద్దండీ అని, మీ పేరేంటండీ అని అడిగేవాళ్ళు. సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి వాళ్ళు వెళ్ళిపోతే ఆ రోజు సంగతులేవీ మర్నాటికి గుర్తుండవు. అమలమ్మ విసుక్కోకుండా రోజూ పేరు చెప్పేది. వీధిలోవాళ్ళకీ ఇది మామూలే. కరెంటు పోతే, మీ వాళ్ళు వెళ్ళిపోయారా అని పక్కింటావిడ కిటికీలోంచి అడిగేది.

ఇబ్బంది బ్లెస్సీకే. పదేళ్ళుగా కోడ్ రాసిన మనిషి. బెంజిసర్కిల్ దగ్గర లక్ష్మీకాంత్ గారి కంపెనీలో ఆరేడుగురితో కలిసి పనిచేసింది. అందులో ఎలీషా అనే అతను టెస్టింగ్ చూసేవాడు. ప్రతి చిన్న తప్పుకీ కుర్చీ లాక్కుని వచ్చి ఆమెతో పోట్లాడేవాడు. ఏజెంట్లు వచ్చాక ఎలీషా వెళ్ళిపోయాడు, మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు, ఆఫీసు కూడా ఖాళీ చేశారు. బ్లెస్సీ ఒక్కతే మిగిలింది. ఆ నలుగురూ పోట్లాడరు. రాసేవాడు రాస్తాడు, చదివేవాడు చాలా బాగుందంటాడు, టెస్టింగమ్మాయి అన్నీ పాసయ్యాయంటుంది, పని పంచేవాడు ఆమె వైపు తిరిగి సరేనా మేడమ్ అంటాడు. ఆమె సరే అని నొక్కాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పని.

చేతులకి పని లేకపోయేసరికి ఒంట్లో ఏదో తిరుగుతున్నట్టుండేది. కూర్చుంటే కాలు ఆడేది. లేచి వంటింట్లోకి వెళ్ళేది, ఎందుకెళ్ళిందో తెలియక తిరిగొచ్చేది. సాయంత్రాలు కొండ మెట్లెక్కి మరియమాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి, మోకరించకుండానే దిగొచ్చేది. ఒకచోట నిలవ్వేంటే నువ్వు అని తల్లి అడిగేది.

ఆ చలికాలంలో లక్ష్మీకాంత్ గారికి కొత్త పనొకటి వచ్చింది. నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక చేపల పల్లె. అక్కడి మత్స్యకారుల సొసైటీకి యాప్ కావాలి. పడవల్లో ఫోన్లుంటాయి. పడవ తిరిగి ఒడ్డు చేరితే యాప్‌లో ఆ పడవ పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడాలి. చేరకపోతే ఎర్రగా ఉండాలి, మధ్యాహ్నం దాటినా ఎర్రగానే ఉంటే సొసైటీకి, ఇంట్లోవాళ్ళకి కబురు వెళ్ళాలి. నలుగురూ కలిసి దాన్ని రెండు రోజుల్లో పూర్తి చేశారు. సరేనా మేడమ్ అన్నారు. బ్లెస్సీ నొక్కింది.

నొక్కిన దగ్గర్నుంచీ ఆమెకి అస్సలు కాలు నిలవలేదు. ఏదో చూసీ చూడనట్టు దాటేశాననిపించింది. ఏమిటని వెతికితే పరీక్షలన్నీ పాసైనట్టే ఉంది. యాప్‌ని పల్లెలో మొదటిసారి వాడి చూసే రోజు, నేను స్వయంగా వెళ్ళొస్తానని లక్ష్మీకాంత్ గారికి ఫోన్ చేసింది. మీరెందుకండీ అంత దూరం, ఇక్కణ్ణించే కనబడుతుందిగా అన్నాడాయన. అయినా వెళ్ళింది.

తెల్లవారే బస్సెక్కి ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచే ఉంచింది కాబట్టి నలుగురూ ఆమెతోనే వచ్చారు. కండక్టరు వాళ్ళని చూసి, ల్యాప్‌టాప్ తాలూకు మనుషులా అని అడిగి ఒక్క టికెట్టే కొట్టాడు. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి దాటేసరికి ఎండ వచ్చింది. మగవాళ్ళు ముగ్గురూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. టెస్టింగమ్మాయి మాత్రం కిటికీ పక్కన కూర్చుని, కోసిన పొలాల్లో మొలిచిన మినుముల్ని చూస్తూ కూర్చుంది. నాగాయలంకలో దిగి ఆటోలో పల్లెకి చేరారు.

చేపల వేలంపాటలు జరిగే రేకుల షెడ్డులో సొసైటీ ప్రెసిడెంటు జక్కయ్య గారు వీళ్ళకి చోటు చూపించారు. పడవలు తెల్లవారకముందే వెళ్ళిపోయాయి. వాటికోసం ఆడవాళ్ళు ఒడ్డున గంపలు బోర్లించి కూర్చున్నారు. అందులో సన్యాసమ్మ అనే ఆవిడ భర్త కాశీరావు, కొడుకు మణికుమార్ ఒకే పడవలో వెళ్ళారు. యాప్ గురించి ఆవిడే అందరికంటే ఎక్కువ సంతోషించింది. ఇన్నేళ్ళూ ఎండలో కళ్ళు కాయలు కాచేలా చూశాం, ఇక ఫోనే చెబుతుందట కదమ్మా అంది. బ్లెస్సీ నవ్వింది గానీ ఆ మాట ఆమె లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఆమె షెడ్డులోకీ ఒడ్డుకీ తిరుగుతూనే ఉంది. ముగ్గురు మగవాళ్ళూ ల్యాప్‌టాప్ చుట్టూ కూర్చున్నారు. టెస్టింగమ్మాయి ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి ఇసకలో కూర్చుంది. మీరెవరికోసం చూస్తున్నారండీ అని ఒక్కొక్కరినీ అడిగింది. మా ఆయన, మా మరిది, మా పెద్దోడు అని వాళ్ళు పేర్లు చెప్పారు. సన్యాసమ్మ, మా ఆయనా మా అబ్బాయీ అని చెప్పి, ఆ పిల్ల చేతిలో వేయించిన వేరుశనక్కాయలు పోసింది. ఆమె తినలేదు గానీ గుప్పిట విప్పలేదు.

పది దాటాక పడవలు ఒక్కొక్కటే రావటం మొదలుపెట్టాయి. ఫోన్లో పేర్లు పచ్చబడుతుంటే ఆడవాళ్ళు ఒకరికొకరు చూపించుకున్నారు. కొన్ని పడవలు ఒడ్డుకి రాకుండా వెనకవైపు కాలవలోకి వెళ్ళి కట్టేస్తాయి. అందుకని, ఎదురుగా కనపడకపోయినా పచ్చగుర్తు చూసుకుని ఎవరి గంప వాళ్ళు తీసుకుని లేచారు. కాశీరావు పడవ పేరు పక్కన కూడా పచ్చగుర్తు ఉంది. కాలవలోకి వెళ్ళుంటారనుకుని సన్యాసమ్మ అటు నడిచింది. కాసేపటికి ఒడ్డు ఖాళీ అయింది. గాలి పెరిగింది.

అన్నీ వచ్చేశాయి మేడమ్, అంతా బాగా జరిగింది అన్నాడు పని పంచేవాడు. జక్కయ్య గారు బ్లెస్సీకి చెయ్యి కలిపి అభినందించారు. ఆమె ల్యాప్‌టాప్ మూసింది. మూయగానే మగవాళ్ళు ముగ్గురూ ఎప్పట్లాగే వెళ్ళిపోయారు. బ్యాగు భుజాన వేసుకుని ఆటో కోసం బయటికొస్తే, టెస్టింగమ్మాయి ఇంకా ఇసకలోనే కూర్చునుంది.

బ్లెస్సీ దగ్గరికెళ్ళింది. "ల్యాప్‌టాప్ మూసేశాను. నువ్వు వెళ్ళలేదేం?"

"ఇద్దరు రాలేదు మేడమ్" అంది ఆ పిల్ల సముద్రం మీంచి చూపు తిప్పకుండా. "సన్యాసమ్మ గారి ఆయన, వాళ్ళబ్బాయి."

"అన్నీ పచ్చగా ఉన్నాయి కదా. అన్నీ పాసయ్యాయని నువ్వే చెప్పావు."

"పరీక్షలో పాసయ్యాయి. ఇక్కడ వాళ్ళు దిగలేదు."

ఇంతకాలంలో ఆ నలుగురిలో ఒకరు ఆమె మాటకి ఎదురుచెప్పటం అదే మొదటిసారి. బ్లెస్సీ అక్కడే ఇసకలో కూలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. మగవాళ్ళు ముగ్గురూ వచ్చి పక్కన నిలబడి ఏం సాయం కావాలని అడిగారు. వాళ్ళని కాసేపు మాట్లాడొద్దని చెప్పి, చాలా నెలల తర్వాత కోడ్ తనే చదివింది. ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. దొరకటానికి ఎంతోసేపు పట్టలేదు. ఫోన్ ఆగిపోతే పడవ ఎక్కడుందో తెలియదని రాయాల్సిన చోట, చివరిసారి ఎక్కడ కనపడిందో అక్కడే ఉందని రాసుంది. కాశీరావు ఫోను తెల్లవారుజామున ఒడ్డు వదలకముందే ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. యాప్ లెక్కలో అతను అసలు ఒడ్డు వదల్లేదు.

ఇలాంటి సందర్భం కోసం ఒక పరీక్ష ఉండేది. అది పాసవ్వకపోతే, కోడ్ రాసేవాడు కోడ్‌ని సరిచెయ్యకుండా పరీక్షనే మార్చేశాడు. చదివేవాడు బాగుందన్నాడు. దాని కింద సరే అని బ్లెస్సీ పేరుంది.

ఆమె పరిగెత్తింది. చెప్పులు ఇసకలో ఊడిపోతే వదిలేసి పరిగెత్తింది. కాలవ గట్టు మీద సన్యాసమ్మ, అక్కడ కట్టేసిన పడవలన్నీ చూసి వెనక్కొస్తూ ఎదురైంది, మావాళ్ళు ఇటు రాలేదమ్మా అంటూ. బ్లెస్సీకి ఊపిరందక, చెప్పాల్సింది ముక్కలుముక్కలుగా చెప్పింది. యాప్ తప్పు చెప్పిందని, తప్పు తనదని చెప్పింది. సన్యాసమ్మ తిట్టలేదు. గంప అక్కడే పడేసి జక్కయ్య గారి కోసం పరుగు తీసింది. ఆయన వెంటనే రెండు పడవల్ని నీళ్ళలోకి తోయించారు.

తర్వాత చెయ్యగలిగిందేమీ లేదు. బ్లెస్సీ ఒడ్డు వెంట అటూ ఇటూ తిరిగింది, మోకాళ్ళలోతు నీళ్ళలోకి వెళ్ళింది, వెనక్కొచ్చింది. పని పంచేవాడు వెనకే వస్తూ, అంతా మంచే జరుగుతుంది మేడమ్ అన్నాడు. ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికెళ్ళి మూత వేసేసింది. టెస్టింగమ్మాయి అలాంటి మాటలేవీ అనలేదు. సన్యాసమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చిందంతే. లేచి వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ఒకరొకరుగా తిరిగొచ్చి కూర్చున్నారు. చివరికి బ్లెస్సీ కూడా కూర్చుంది.

పొద్దు వాలకముందే మూడు పడవలు కనిపించాయి. మధ్యలోదాన్ని తాడు కట్టి లాక్కొస్తున్నారు. ఇంజను ఆగిపోయి, నీళ్ళు వెనక్కి తీసే ఆటుకి సముద్రం లోపలికి కొట్టుకుపోయిందట. సగం దాకా నీళ్ళొచ్చేశాయి. మణికుమార్ ఒడ్డు చేరాక కూడా ఆపకుండా బకెట్టుతో తోడుతూనే ఉన్నాడు. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపాల్సొచ్చింది. కాశీరావుని ఇద్దరు పట్టుకుని దించారు. పెదాలు ఎండిపోయాయి గానీ స్పృహలోనే ఉన్నాడు. సన్యాసమ్మ అతని ముఖం కొంగుతో తుడిచి, ఫోను ఛార్జింగ్ పెట్టుకోమని రాత్రి చెప్పానా లేదా అని అడిగింది. అప్పుడు ఏడ్చింది.

టెస్టింగమ్మాయి ఇద్దర్నీ చూసి, "ఇప్పుడు అందరూ వచ్చారు" అంది.

లక్ష్మీకాంత్ గారు ఫోన్లో అంతా విన్నాడు. ఆ ఒక్క వరసా మార్చి సోమవారానికి ఇచ్చేద్దామన్నాడు. బ్లెస్సీ ఒప్పుకోలేదు. ఫోను చేరితే కాదు, మనుషులు దిగటం కళ్ళతో చూసి ఒడ్డున ఉన్నవాళ్ళు చెబితేనే పచ్చగుర్తు పడాలంది. అలా మొత్తం మళ్ళీ రాయాలి, ప్రతి వరసా నేనే చదువుతాను, ఎన్నాళ్ళు పడుతుందో ఇప్పుడే చెప్పలేనంది. ఆయన కోప్పడ్డాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె విజయవాడ బస్సెక్కితే టెస్టింగమ్మాయి వెంట రాలేదు. బ్లెస్సీ పిలిచింది. రేపు కూడా పడవలు వెళతాయి కదా మేడమ్ అంది. రాత్రికి సన్యాసమ్మ ఆమెని తన ఇంటికి తీసుకెళ్ళింది. ఇంట్లో అమలమ్మ ఆ పిల్ల ఏదని అడిగితే, అక్కడ పని దొరికిందని చెప్పింది బ్లెస్సీ. మంచిదేలే, భోజనం పెట్టేవాళ్ళున్నారా అని అడిగి అమలమ్మ మిషను ముందు కూర్చుంది.

యాప్ రెండు నెలలకి పూర్తయింది. బ్లెస్సీ ముగ్గురితోనూ ఎలీషా లాగా పోట్లాడింది. వారానికొకసారి పల్లెకి వెళ్ళి వచ్చేది.

వేసవిలో ఆ ఏజెంట్లని తయారుచేసే కంపెనీ కొత్తవాళ్ళని తెచ్చింది. పాతవాళ్ళని ఫలానా రోజుతో ఆపేస్తున్నామని మెయిల్ వచ్చింది. ఆ రోజు పొద్దున బ్లెస్సీ ల్యాప్‌టాప్ తెరిస్తే వేరే ముఖాలతో నలుగురు వచ్చి కూర్చున్నారు. పాత ముగ్గురూ ఏమయ్యారని అడిగితే, వాళ్ళిక లేరండీ అన్నారు. కొత్తవాళ్ళలో ఒకావిడ నేను టెస్టింగ్ చూస్తానని చెప్పింది. బ్లెస్సీకి పల్లెలో ఉన్న పిల్ల గుర్తొచ్చింది. సన్యాసమ్మకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉన్నపళంగా బస్టాండుకి వెళ్ళింది.

దారి పొడవునా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. పల్లె చేరేసరికి ఎండ మాడిపోతోంది. ఆటో పూర్తిగా ఆగకముందే దిగి ఒడ్డుకి నడిచింది. ఆడవాళ్ళు ఎప్పట్లాగే వరసగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య సన్యాసమ్మ పాతచీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని ఆ పిల్ల కూర్చునుంది. ఎండకి ముఖం నల్లబడింది. కంపెనీ పాతవాళ్ళందర్నీ పిలిచి పంపించేసిన రోజున ఆ పిలుపు అందేచోట ఆమె లేదు.

బ్లెస్సీ వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తి చూసింది.

"కాస్త పక్కకి జరగండి బ్లెస్సీ గారూ" అంది. "ఇంకా నలుగురు రావాలి."