ఊఁ కొట్టిన పెట్టె

వడ్రంగి భార్య పొద్దున్నే లేచి ఇల్లు రెండుసార్లు ఊడుస్తుంది. మొదటిసారి పసుప్పచ్చటి రంపపు పొట్టు, రెండోసారి బూడిదరంగు మౌనం. రెండూ కలిపి ఊడిస్తే చెత్తబండివాడు ఊరుకోడు. మౌనానికి అతని దగ్గర వేరే గోనె ఉంది.

ఆ వీధిలో అందరిళ్ళలోనూ మౌనం రాలుతుంది. కొత్తగా పెళ్ళయిన వాళ్ళింట్లో చారెడు కూడా రాదు. పదేళ్ళు పోయాక ఆ మొగుడూపెళ్ళాలే గుమ్మంలో నిలబడి రెండో గోనె ఉందా అని అడుగుతారని చెత్తబండివాడి ఎకసెక్కం. ఏ రోజుది ఆ రోజు ఊడ్చుకుంటే ఇబ్బంది లేదు. వదిలేస్తే మాత్రం గట్టిపడుతుంది. అప్పుడిక చీపురు కాదు కదా, గునపం కూడా దిగదు.

వడ్రంగి ఇంట్లో మౌనం మేడమెట్ల మీది నుంచి వస్తుంది. మేడమీద అతని తమ్ముడు ఒక్కడే ఉంటాడు. ఆంప్లిఫయర్లు తయారుచేస్తాడు, చెడిపోతే బాగుచేస్తాడు. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోక నాలుగేళ్ళయింది. మెట్లకి ఆనుకునే తల్లి గది ఉంది. కోడలు ఎంత ఊడ్చినా చీపురు అందని చోట కొంత మిగిలిపోయేది. అలా మిగిలిందల్లా మంచం కింద పేరుకుని, గట్టిపడి, కోళ్ళని ముంచి, పరుపు మీదికి పాకింది.

ఆ తల్లి ఒకప్పుడు నోరు మూసేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త పడక్కుర్చీలో వాలితే, పక్కనే పీట వేసుకుని వీధిలో విశేషాలన్నీ చెప్పేది. ఆయన కళ్ళు మూసుకుని, ఛాతీ లోపలి నుంచి లోతుగా “ఊఁ” కొట్టేవాడు. ఊఁ ఆలస్యమైతే “వింటున్నారా, నిద్రపోయారా?” అని గదిమేది. ఆయన పోయాక ఊఁ కొట్టేవాళ్ళు లేకపోయారు. మొదట విశేషాలు చెప్పడం మానేసింది. తర్వాత ఏమన్నా కావాలని అడగడం మానేసింది. ఇప్పుడు మౌనం ఆమె మెడ దాకా వచ్చింది, కళ్ళు మాత్రమే మాట్లాడుతున్నాయి.

ఇది ముదిరితే ఏమవుతుందో అందరికీ తెలుసు. రెండిళ్ళవతల దర్జీ తండ్రిని సమయానికి ఎవరూ చూసుకోలేదు. నోటిని దాటి పైకి వచ్చేసింది. ఇప్పుడు పెడితే తింటాడు, కూర్చోబెడితే కూర్చుంటాడు. మనవరాలు పుట్టిందని చెవిలో అరిచి చెప్పినా ఆ ముఖంలో ఏ కదలికా రాలేదు.

డాక్టరమ్మ వచ్చి తల్లి గడ్డం కింద వేళ్ళు ఆనించి చూసింది. “రెండు వేళ్ళ ఎడం ఉంది. అది పూడిందంటే నా చేతుల్లో లేదు,” అంది.

“కోసి తీయలేమా డాక్టరుగారూ? రంపాలున్నాయి నా దగ్గర,” అన్నాడు వడ్రంగి.

“మనిషికి అతుక్కుని ఉందయ్యా. కోయకూడదు, అదరగొట్టాలి. చెవికి వినపడే శబ్దం చాలదు. నేల వణకాలి.”

వడ్రంగి ఆ మధ్యాహ్నమే నాన్న ట్రంకుపెట్టె తెరిచాడు. తండ్రి సినిమాహాల్లో సౌండు చూసేవాడు. హాలు మూసేసినప్పుడు, పళ్ళెమంత స్పీకర్లు రెండు ఇంటికి తెచ్చుకున్నాడు. పాట అడుగున వినపడీ వినపడనట్టుండే బరువైన శబ్దమంతా వాటిదే. ఒకటి నాలుగేళ్ళ కిందట కాలిపోయింది. రెండోది గుడ్డలో చుట్టి ఉంది.

ఆ కాలిపోయినదాని దగ్గరే అన్నదమ్ములు విడిపోయారు. చివరి రోజుల్లో తండ్రికి చెవులు మందగించాయి. రోజూ మధ్యాహ్నం వడ్రంగి ఒక చిన్న ఆంప్లిఫయరు పెట్టి, నాబు చివరికంటా తిప్పి, ఆయనకి పాటలు వినిపించేవాడు. నెలన్నర అలా గడిచాక తమ్ముడు తను తయారుచేసిన పెద్ద ఆంప్లిఫయరు తెచ్చి తగిలించాడు. అయిదు నిమిషాల్లో కమురు వాసన వచ్చి స్పీకరు ఆగిపోయింది. “నువ్వు ముట్టుకున్నదేదీ బతకదురా,” అని వడ్రంగి నోరు జారాడు. మూడో రోజున తండ్రి పోయాడు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నది తమ్ముడు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అందుకే ఈసారి వడ్రంగి జాగ్రత్తపడ్డాడు. రెండో స్పీకరుకి పెట్టె చెయ్యడానికి ముప్పావు అంగుళం ప్లైవుడ్ కోసి, లోపల అడ్డబద్దలు బిగించి, అతుకులన్నిటికీ జిగురు పట్టించాడు. లోపలి కొలత కోసం లీటరు డబ్బాతో రంపపు పొట్టు పోసి లెక్కబెట్టాడు. గాలి పోయే చోటు లేదని అగరుపొగ పెట్టి చూసుకున్నాడు. పనితనంలో అతన్ని వంకపెట్టేవాడు లేడు. ఆంప్లిఫయరు దగ్గరికి వచ్చేసరికి ఆ పాత చిన్నదే తీశాడు.

“ఇది చాలుతుందా?” అంది భార్య.

“పెద్దదయితే కాలుస్తుంది. చిన్నదైతే ఏం భయం?”

పెట్టెని తల్లి మంచం పక్కన పెట్టి ఆన్ చేశాడు. నేల చిన్నగా జలదరించింది. మౌనం మీద వెంట్రుకంత బీట పడింది. వడ్రంగి ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త తిప్పాడు, బీట పాకింది. చివరికంటా తిప్పి, రెండు గంటలు అలాగే వదిలాడు. శబ్దం గరగరలాడుతున్నా పట్టించుకోలేదు. మూడో గంటలో తెలిసిన వాసనే వచ్చింది. పెట్టె మూగబోయింది. చూస్తూండగానే బీట పూడుకుపోయి, రెండు వేళ్ళ ఎడం కాస్తా ఒక వేలయింది.

వడ్రంగి స్పీకరు ఊడదీసి చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. తను తప్ప దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ సంగతి అప్పుడు బుర్రకెక్కింది.

“పైకి వెళ్ళండి,” అంది భార్య.

“ఏ మొహం పెట్టుకుని?”

“ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. అత్తయ్యకి ఒక్క వేలే మిగిలింది.”

నాలుగేళ్ళ తర్వాత మెట్లెక్కాడు. ప్రతి మెట్టు మీదా మౌనం అంతకంతకీ మందంగా ఉంది. ఇన్నాళ్ళూ ఇంట్లో రాలేది తన కోపమే అనుకున్నాడు. తలుపు తోస్తే, గదిలో కిటికీ గట్టు దాకా నిండి ఉంది. తమ్ముడు నడుం లోతు మౌనంలో కూర్చుని పని చేసుకుంటున్నాడు. అన్నని చూసి లేవబోయాడు గాని వెంటనే లేవలేకపోయాడు.

వడ్రంగి స్పీకరు చాచాడు. తమ్ముడు దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, ముందు అట్ట ఊడదీసి, దాని అడుగున చుట్టిన రాగితీగ కాయిల్ బయటికి లాగి చూశాడు.

“చిన్నది పెట్టావా?”

“ఊఁ.”

“ఫుల్లు తిప్పావా?”

“ఊఁ.”

తమ్ముడు సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి, అందులోని పాత కాయిల్ని దీని పక్కన పెట్టాడు. రెండూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా మాడి ఉన్నాయి. “అయిదు నిమిషాల్లో కాలితే ఒక్కచోట తెగుతుంది అన్నయ్యా. ఇలా అంతటా మాడాలంటే గంటలకి గంటలు పడుతుంది. ఈ స్పీకరు నాలుగు ఓములది, కరెంటు ఎక్కువ లాగుతుంది. నీ ఆంప్లిఫయరు ఎనిమిది ఓములకి చేసింది, అంత ఇవ్వలేదు. శక్తి చాలనప్పుడు బలవంతాన తిప్పితే అది సగం తెగిన శబ్దాన్ని పంపిస్తుంది. అది స్పీకర్ని కదపదు, కాలుస్తుంది. పెద్దదాన్ని తక్కువలో వాడితే ఏమీ కాదు.”

“అంటే ఆ రోజు…”

“అప్పటికే మాడిపోయి ఉంది. నేను తగిలించేసరికి ప్రాణం పోయింది.”

“నీకు ఆ రోజే తెలుసా?”

“ఆ వారమే విప్పి చూశాను.”

“మరి చెప్పొద్దురా? ఇన్నేళ్ళూ నేనన్న ఆ మాట మోస్తూ ఉన్నావే!”

తమ్ముడు అగ్గిపెట్టె మూశాడు. “నాన్న ఆఖరి పాటలు విన్నది దాంట్లోనే కదా. నువ్వే వినిపించావు. దాన్ని కాల్చింది నువ్వేనని చెప్తే, ఆ పాటలు కూడా నీకు మిగలవనిపించింది.”

వడ్రంగి గడప మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గుతో ఏడ్చాడు. క్షమించమని మాత్రం అడగలేకపోయాడు. తమ్ముడు అటక మీంచి ఒక స్పీకరు దించాడు. అది నాలుగేళ్ళ కిందట కాలినదే. కొత్త కాయిల్ చుట్టి, దుమ్ము పడకుండా కాగితం కప్పి ఉంచాడు. “పద, అమ్మ దగ్గరికి,” అన్నాడు. పెద్ద ఆంప్లిఫయర్ని చెరోవైపు పట్టుకుని ఇద్దరూ మెట్లు దిగారు.

కొత్త కాయిల్‌కి మీటరు పెట్టి చూశాడు తమ్ముడు. ఆంప్లిఫయరుకీ దానికీ సరిపోయింది. వడ్రంగి ఆ స్పీకర్ని పెట్టెలో పెట్టి మరలన్నీ ఒక్కొక్కటీ బిగించాడు. నాబు పావువంతు దాటనివ్వలేదు తమ్ముడు. మొదట ఏమీ వినపడలేదు. గ్లాసులో నీళ్ళు వలయాలు తిరిగాయి. కిటికీ గడియ టకటకలాడింది, వడ్రంగి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. తర్వాత అరికాళ్ళలోంచి పైకి వచ్చింది శబ్దం. గరగర లేదు, తొందర లేదు. ఛాతీ లోతులోంచి ఎవరో ఊఁ కొడుతున్నట్టుంది.

మంచం కోళ్ళ దగ్గర మౌనం పగిలింది. పెళ్ళలు పెళ్ళలుగా విడిపోయి, పొడయి, నేల మీద కుప్పపడింది. కోడలు ఊడ్చి గోనెలకెత్తుతూ పోయింది. గుండెల మీదిది జారింది. మెడ చుట్టూ ఉన్నది ఊడింది. చీకటి పడకముందే మంచం నాలుగు కోళ్ళూ బయటపడ్డాయి.

అయినా తల్లి పెదవి విప్పలేదు. తెరిచిన కళ్ళతో పైకప్పు చూస్తూ పడుకుంది. ఆలస్యమైపోయిందేమో అనుకున్నాడు వడ్రంగి. తమ్ముడు ఆంప్లిఫయరు కట్టెయ్యబోతే కోడలు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టె ఊఁ అంటూనే ఉంది.

తల్లి మెల్లగా మెడ తిప్పింది. పెట్టె వైపు చూసింది, ఆ వెనక ఒకే గదిలో నిలబడ్డ కొడుకులిద్దరి వైపు చూసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

“ఊఁ కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు. చెప్పేవాళ్ళేరర్రా?”

వడ్రంగి పీట లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. తమ్ముడి వైపు చూడలేదు గాని, తమ్ముడికి వినపడేలాగే చెప్పాడు.

“నేను చెప్తానమ్మా. నాన్న స్పీకరు కాల్చింది తమ్ముడు కాదు.”

“ఊఁ,” అంది తల్లి.