మామిడి మొదట్లో చెరువు మట్టి

...మంచి మట్టి ఊరికే ఎందుకు పోనివ్వాలి, ఎలాగూ కాసేపట్లో యాదగిరి రంపం పట్టుకుని వస్తాడు, చెట్టు పడిందంటే ఈ మొదలంతా కొమ్మలూ రెమ్మలూ కప్పేస్తాయి, ఈలోపే తీసి కుండీల్లో పోసుకుంటే మల్లెలైనా బాగుపడతాయి, అనుకుంటూ నాగమణి చెంగు నడుముకి బిగించి చిన్న పార తీసుకుని మామిడి చెట్టు కింద కూర్చుంది, వాన ఇప్పుడే వెలిసింది, అయినా ఒకటే ఉక్క, జాకెట్టు వీపుకి అంటుకుపోతోంది, పుట్టింట కోనసీమలో అంటే చుట్టూ నీళ్ళే కాబట్టి సరే, ఈ పేట్ బషీరాబాద్‌లో ఎండాకాలం తాగడానికే ట్యాంకరు రావాలి, చెమటకి మాత్రం కరువు లేదు, బాగుంది సంబడం, మట్టి మెత్తగా నల్లగా వస్తోంది, శామీర్‌పేట చెరువు మట్టి, పోయినేడు ఎండల్లో ట్రాక్టర్లలో తెస్తుంటే వీధికి అడ్డం వెళ్ళి మరీ ఆపించింది.

అలాగేనండి అని ఎందుకంది పొద్దున, నాలుక్కి అదొక్కటే మాట వచ్చా, భర్త బుల్లిబాబు బూటు లేసు కట్టుకుంటూ తల ఎత్తకుండానే చెప్పాడు, పక్కింటి రాధమ్మగారు గోల పెడుతున్నారు, మన చెట్టు వాళ్ళ గోడ మీద పడేలా ఉందట, ఆకులన్నీ మాడిపోయాయి, ఇంక బతకదులే, యాదగిరికి చెప్పాను వచ్చి కొట్టేస్తాడు, అంతే, చెప్పులు తెగిపోయాయి కొత్తవి కొనాలి అన్నంత తేలిగ్గా, ఆమె క్యారేజీ గిన్నెల మీద మూత నొక్కుతూ అలాగేనండి అంది, వీధి చివర తుర్కపల్లి కంపెనీ సుమో హారన్ మోగింది, ఆయన వెళ్ళిపోయాడు, ఇంక సాయంత్రం దాకా ఈ ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏముంది, పిల్లలుంటే వేరుగా ఉండేదేమో, లేరు, ఆ మాట అనుకోవడం కూడా మానేసి చాలా కాలమైంది, మానేశానని అనుకోవడం మాత్రం మానలేదు.

ఈ చెట్టు లేకపోతే బుచ్చవ్వ ఇంక రాదు, అది ఖాయం, ఈ కాలనీ అంతా ఒకప్పుడు బుచ్చవ్వ వాళ్ళ మామిడితోటే, మూలన ఉన్న చెట్టు కాబట్టి ప్లాట్లు వేసినప్పుడు ఎవరి గొడ్డలీ పడకుండా మిగిలింది, గృహప్రవేశం అయిన మొదటి వేసవిలో గేటు తీసుకుని నేరుగా వచ్చేసింది ముసలమ్మ, ఎవరూ అని నాగమణి అడిగేలోపే చెట్టు మీద చెయ్యి వేసి, మా మామ పెట్టిన చెట్టు బిడ్డా, గిన్ని కాయలిస్తవా, తొక్కుకు గీ చెట్టు కాయ అయితెనే మస్తుగుంటది అంది, అడగడంలో ఆ దర్జా చూడాలి, ఇల్లు తనదీ ఈమె అద్దెకున్నదీ అన్నట్టు, నాగమణికి కోపం రావాలి, నవ్వొచ్చింది, ఆ రోజు ఇద్దరూ వరండాలో కాళ్ళు చాపుకుని ఆ పచ్చడికి కాయలు తరుగుతూ పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు, అప్పట్నుంచి ప్రతి వేసవీ శామీర్‌పేట నుంచి బస్సెక్కి వస్తుంది, కూతురు లత దగ్గర ఉంటోంది కదా, వచ్చి నువ్వు చిక్కిపోయినవేంది బిడ్డా, మంచిగ తింటలేవా అని గడ్డం పట్టుకుని చూస్తుంది, ఈ ఊళ్ళో తనని పట్టుకుని చూసే చెయ్యి అదొక్కటే, ఈసారి పూత రాలిపోయింది, కాయ లేదు, ఆ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, బుచ్చవ్వా రాలేదు, కాయలు లేకుంటె ఏం పనికి వస్త అనుకుని ఉంటుంది, నిజమే, ఏం పనికి వస్తుంది.

అసలు తను ఏం తక్కువ చేసిందని ఈ చెట్టు ఇలా అలిగింది, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది, పేడ తెచ్చి వేసింది, నాన్న కొబ్బరి చెట్లకి ఎలా చేసేవాడో అచ్చం అలాగే చేసింది, అంబాజీపేటలో కాలవ పూడిక తీసిన ఒండ్రంతా నాన్న గంపలతో మోయించి ఒక్కో చెట్టు మొదటికీ గట్టిగా ఎగదోయించేవాడు, మొదలు ఎంత కప్పితే చెట్టు అంత కొత్త వేళ్ళు వేస్తుందే మణీ అనేవాడు, నిజంగానే వేసేది, ఆ చెట్లు గెలల బరువుకి వంగిపోయేవి, అందుకేగా ట్రాక్టరు ఆపించింది, అందుకేగా మోకాలెత్తు దిబ్బ పోసి కాళ్ళతో తొక్కి నీళ్ళు పెట్టింది, అప్పుడు ఎంత తృప్తిగా అనిపించిందో, బిడ్డకి దుప్పటి కప్పినట్టు, ఇదిగో ఇప్పుడు ఆ దిబ్బే పారతో తవ్వి తీసుకుంటోంది, పార ఏదో మెత్తటిదానికి తగిలింది, ఏమిటిది, పుచ్చకాయ కుళ్ళినట్టు వాసన, చేత్తో మట్టి పక్కకి నెట్టింది, మాను మీద బెరడు తడిసి నానిపోయి వేళ్ళకే ఊడి వచ్చేస్తోంది, లోపల నల్లగా, జిగురు కారి, అయ్యో, అయ్యయ్యో, ఇదేమిటి తల్లీ.

పార పక్కన పడేసి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది, ఈ పక్క కుళ్ళు, ఆ పక్కా కుళ్ళే, కుండీల సంగతి ఎప్పుడు మరిచిపోయిందో కూడా తెలీదు, కొబ్బరికి బెరడెక్కడిది పిచ్చిదానా, దాని ఒళ్ళంతా పీచే, ఎంత కప్పినా ఓర్చుకుంటుంది, దీనికి గాలాడొద్దూ, ఎండతో వానతో బతికిన చెట్టుకి మెడ దాకా బురద కట్టి ఊపిరాడకుండా చేసి, పైగా ఎందుకు ఎండిపోతున్నావే అని రోజూ దాన్నే అడిగింది, తెగులూ కాదు పురుగూ కాదు, ఏడుపొస్తోంది, రానీ, ఎవరున్నారు చూడటానికి, జరిగి వెళ్ళి మోరీ కాలవ వైపు చూసింది, అక్కడ వాన నీళ్ళకి మట్టి ఎప్పుడో కోసుకుపోయి మాను మొదలు బయటపడి ఉంది, చెయ్యి పెట్టింది, పొడిగా గట్టిగా ఉంది బెరడు, గోరుతో గీస్తే లోపల పచ్చన, తల ఎత్తి చూసింది, సరిగ్గా ఆ వైపు కొమ్మకే రాగిరంగు చిగురు, గుప్పెడే, అయినా చిగురే, బతుకుతుంది, ఈ దిబ్బంతా తీసేసి మొదలు ఆరబెడితే బతుకుతుంది, కొట్టనివ్వను, ఎవరొచ్చినా సరే, చచ్చినా కొట్టనివ్వను.

యాదగిరి రానే వచ్చాడు, భుజాన రంపం, నడుముకి తాడు, ఈమె ముఖాన బురద చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు, ఏందమ్మా గిట్లున్నవ్ అన్నాడు, చెట్టు కొట్టొద్దు యాదగిరీ, రాధమ్మగారి గోడ మీదకి పోయిన ఆ ఎండుకొమ్మ ఒక్కటి తీసెయ్, మాను ముట్టుకోకు అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, సారు మొత్తం కొట్టమన్నడు గదమ్మా, మల్ల నన్నంటడు, ముందుగాల సారుకు ఫోన్ జెయ్యి అని అతను తాడు విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు, అతని తప్పేముంది, చెప్పిన పని చేయడానికి వచ్చాడు, సరే చేస్తాను, ఇప్పుడే చేస్తాను, లోపలికి నడుస్తూనే మాటలు పేర్చుకుంది, ఆయన విసుక్కుంటాడు, పిచ్చా నీకు అంటాడు, అననీ, రాధమ్మగారితో నేను మాట్లాడతానంటుంది, ఈ ఇంట్లో నేనూ మనిషినేనంటుంది, ఇన్నేళ్ళలో మీకు ఎదురు చెప్పానా అంటుంది, అరుస్తాడు, తనూ అరుస్తుంది, భయమా, కాదు, ఏదో ఉత్సాహం, పండక్కి బయల్దేరుతున్నట్టు, ఫోను మీద బురద వేళ్ళ ముద్రలు పడ్డాయి, కంపెనీలో ఎవరో ఎత్తి ఉండండి పిలుస్తాం అన్నారు, చాలాసేపటికి ఆయన గొంతు, ఆఁ చెప్పు.

ఏవండీ చెట్టు కొట్టించొద్దు, తప్పు నాదే, మట్టి ఎక్కువ పోశాను, తీసేస్తే బతుకుతుంది, నాకు ఈ చెట్టు కావాలి అని ఊపిరి బిగబట్టి ఆగింది, అటువైపు ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఏదో మిషను శబ్దం, అలాగా, సరే నీ ఇష్టం, వద్దని చెప్పి పంపెయ్, ఇంకేమన్నా ఉందా అన్నాడు, అంతేనండీ అంది, అటు ఫోను పెట్టేశాడు, కిటికీలోంచే యాదగిరికి సారు సరేనన్నారని కేకేసి చెప్పింది.

అంతే, చెట్టు బతికింది, పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి, బయట యాదగిరి చెట్టెక్కి ఎండుకొమ్మ కోస్తున్న చప్పుడు, సంతోషించాలి కదా, గెలిచింది కదా, రిసీవరు ఇంకా చేతిలోనే ఉంది, పొద్దున కొట్టేద్దాం అన్నదీ ఆయనే, ఇప్పుడు ఉంచమన్నదీ ఆయనే, రెండూ ఒకే గొంతుతో, కూర ఏం చెయ్యను అంటే నీ ఇష్టం, చీర ఏ రంగు తీసుకోను అంటే నీ ఇష్టం, పుట్టింటికి వెళ్ళిరానా అంటే నీ ఇష్టం, మీ ఆయన దేవుడమ్మా ఏదీ కాదనడు అని కాలనీలో ఆడవాళ్ళు అసూయపడతారు, తనూ ఇన్నేళ్ళూ అదే అదృష్టమని నమ్మింది, ఒక్కసారి వద్దు అని ఉంటే, ఎందుకు అని అడిగి ఉంటే, కనీసం ఏడుస్తున్నావా అని అడిగి ఉంటే, అప్పటిదాకా ఏడ్చిన గొంతు అది, ఆయనకి వినపడలేదు, నాగమణి రిసీవరు మెల్లగా పెట్టేసింది, నీ ఇష్టం అంటే నీ మాట నెగ్గిందని కాదు, నువ్వు ఒక్కదానివే ఉన్నావని.